లాడ్ బజార్‌లో తడిసిన ధాన్యం

మా పెద్దమ్మాయి నికాహ్ తేదీ ఖాయమైన వారానికే ఇంట్లో గాజుల ప్రస్తావన వచ్చింది. కర్నూలులో గాజుల అంగళ్లకు కొదవ లేదు. అయినా తనకు లాడ్ బజార్ లక్క గాజులే కావాలని అమ్మాయి కోరింది. ఏ గాజులో చూపడానికి వాళ్లమ్మ తన ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. అర నిమిషం నిడివి గల వీడియో అది. అందులో మనిషి ముఖం లేదు. ఒక బొగ్గుల కుంపటి, దాని మీద మెత్తబడుతున్న ఎర్రని లక్క, దానిని సాగదీసి వలయంగా వంచుతున్న రెండు ముసలి చేతులు కనిపించాయి. ఆ వెంటనే తళతళలాడే గాజుల జత, ఒక ధర. ఆ ధర మా బోటి వారికి అందుబాటులోనే ఉంది.

నన్ను ఉలిక్కిపడేలా చేసింది ఆ ధర కాదు, దానిని చెప్పిన గొంతు. అది నా దగ్గర ఏడేళ్లు చదువుకున్న విద్యార్థి గొంతు. సబఖ్ అప్పజెప్పేటప్పుడు వాక్యం చివరి మాటను కొద్దిగా సాగదీసే అలవాటు అతనికి చిన్ననాటి నుంచే ఉంది.

అతను చదువు ముగించాక హైదరాబాదులో తండ్రి నడిపే గాజుల దుకాణంలో చేరాడు. 2021లో ఒకరోజు ఫోను చేశాడు. లాక్‌డౌన్‌ల తరువాత బజారు కోలుకోలేదని, ఇరుగుపొరుగు దుకాణాల వారు చిన్న చిన్న వీడియోలు తీసి సరుకు అమ్ముకుంటున్నారని, తానూ అలా చేయవచ్చునా అని అడిగాడు. నేను అప్పుడు తరగతిలో ఉన్నాను. "ఆ తమాషాలు మనకెందుకు బేటా? రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్. నీ పని నీవు చేసుకో" అని ఒక్క మాటలో తేల్చి ఫోను పెట్టేశాను. అతను మారు మాట్లాడలేదు. ఇప్పుడు చూస్తే అదే పని చేస్తున్నాడు. నా మాట కాదన్నాడన్న నొచ్చుకోలు నాకు కలగలేదంటే అబద్ధమవుతుంది. గాజులు కొనాలి, అతనితో నాలుగు మాటలు మాట్లాడాలి అని రెండు ఉద్దేశాలతో ప్రయాణమయ్యాను.

ముసీ దాటి

కర్నూలు నుంచి హైదరాబాదు సుమారు 210 కిలోమీటర్లు. ఫజ్ర్ నమాజు చేసుకుని బస్సెక్కాను. తుంగభద్ర దాటితే తెలంగాణ. బీచుపల్లి దగ్గర కృష్ణమ్మ వంతెన దాటేసరికి ఎండ పొడిచింది. బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడు జడ్చర్ల వరకు ఫోనులో వీడియోలు చూస్తూనే ఉన్నాడు. బొటనవేలితో ఒకదానిని పైకి నెట్టడం, మరొకటి రావడం. బిర్యానీ హండీ, చీరల దుకాణం, అత్తరు సీసా, మేకల సంత అన్నీ అలా వచ్చి ఇలా పోతున్నాయి. ఒక్కొక్కదానికి అతను ఇస్తున్న సమయం రెండు మూడు క్షణాలు. ఆ రెండు మూడు క్షణాలలో అతని వేలిని ఆపగలిగితేనే అంగడివాడికి అతనితో మాట్లాడే అవకాశం. పూర్వం దుకాణదారు గడప దగ్గర నిలబడి "రండి, రండి" అని పిలిచేవాడు. ఇప్పుడు ఆ గడప మనిషి అరచేతిలోకి వచ్చిందని నాకు ఆ ప్రయాణంలోనే తోచింది.

మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగి, నయాపుల్ మీదుగా ముసీ దాటి నడిచాను. మదీనా చౌరస్తా, పత్తర్‌గట్టి రాతి తోరణాలు, చార్‌కమాన్, గుల్జార్ హౌజ్, ఆ తరువాత చార్మినార్. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో, హిజ్రీ లెక్కన వెయ్యో సంవత్సరం ప్రాంతంలో కట్టించిన కట్టడం ఇది. దాని నాలుగు వైపులకూ నాలుగు దారులు. దక్షిణాన కొద్ది అడుగుల దూరంలో మక్కా మసీదు. పడమటికి సాగే దారి లాడ్ బజార్. లాడ్ అంటే లక్క అని కొందరు, గారాబం అని మరికొందరు చెబుతారు. ఆడపిల్లల మీద గారాబంతోనే కదా ఇక్కడికి వచ్చేది! అందుకే రెండు అర్థాలూ సరిపోతాయి.

ఉదయం పదకొండు గంటలకే బజారు కళకళలాడుతోంది. గాజుల వరుసల మీద దీపాల కాంతి పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నాయి. అయితే ముప్ఫై ఏళ్ల క్రితం నేను చూసిన బజారుకూ దీనికీ ఒక తేడా కనిపించింది. ప్రతి నాలుగైదు దుకాణాలకు ఒకచోట, ఫోనును నిలువుగా పట్టుకుని ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. ఒకడు గాజులను అద్దం మీద పేరుస్తున్నాడు. మరొకడు వాటి మీద చిన్న దీపం పట్టి తిప్పుతున్నాడు. 2020 జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ను మన దేశంలో నిషేధించారు. తరువాతి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చాయి. ఒక తలుపు మూసుకుంటే రెండు తలుపులు తెరుచుకున్నాయి. బజారు ఆ తలుపుల గుండా ఇళ్లలోకి ప్రవేశించింది.

మారిన దుకాణం

నాకు తెలిసిన చిరునామాలో నా విద్యార్థి లేడు. అక్కడ వేరే వారి దుకాణం ఉంది. అడిగితే ఒక గల్లీలోకి దారి చూపారు. లోపల మూడు మలుపులు తిరిగాక, ఇద్దరు కూర్చుంటే మూడోవాడు నిలబడవలసినంత చిన్న గదిలో అతను కనిపించాడు. నన్ను చూసి గబగబా లేచి, సలాం చేసి, నా చేయి పట్టుకుని లోపల కూర్చోబెట్టాడు. మేము మాట్లాడుకున్నది దక్కనీ ఉర్దూలో. పాఠకుల కోసం ఇక్కడ తెలుగులో వ్రాస్తున్నాను.

"హజ్రత్, కబురు చేస్తే బస్ స్టేషన్‌కు వచ్చేవాణ్ణి కదా!"

"పెద్ద దుకాణం ఏమైంది?" అని అడిగాను.

అతను వెంటనే బదులివ్వలేదు. చాయ్ తెప్పించాడు. నేను మళ్లీ అడిగితే చెప్పాడు. ఆ రోజు నేను వద్దన్న తరువాత రెండేళ్లు అతను వీడియోల జోలికి పోలేదట. బజారుకు వచ్చేవారిలో చాలామంది ముందే ఫోనులో సరుకు చూసుకుని, ఫలానా దుకాణం ఎక్కడ అని అడుగుతూ వచ్చేవారట. అతని గడప ముందు నుంచే సాగిపోయేవారట. అద్దె కట్టలేక దుకాణం ఖాళీ చేశాడు. తండ్రి ఆ బెంగతోనే మంచం పట్టారు.

"ఇళ్లలో కూర్చుని రాళ్లు పొదిగే ఆడవాళ్లు నలుగురు మా మీద ఆధారపడి ఉండేవారు హజ్రత్. వాళ్లకు ఆ రెండేళ్లు పని ఇవ్వలేకపోయాను. అందులో ఒక ఖాలా తన కూతురిని బడి మాన్పించి ఇంటి పనికి పంపింది. ఆ తరువాత ఇక మిమ్మల్ని అడగలేదు. అడిగితే మీరు మళ్లీ వద్దంటే ఏం చేయాలో తెలియక అడగలేదు."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. మా చదువులో ఒక నియమం నేర్పుతారు. కాలాన్నీ, ప్రజల వాడుకనూ ఎరగనివాడు తీర్పు చెప్పరాదు. హనఫీ పండితులు ఇబ్ను ఆబిదీన్ ఈ వాడుక, అంటే ఉర్ఫ్ మీద ప్రత్యేకంగా ఒక గ్రంథమే వ్రాశారు. ఆ పాఠాన్ని ఎన్నో ఏళ్లు పిల్లలకు బోధించిన నేను, ఒక పిల్లవాడు నిజంగా ప్రశ్న అడిగినప్పుడు ఒక్క ఎదురు ప్రశ్న కూడా వేయలేదు. ఏం అమ్ముతున్నావు, వీడియోలో ఏం చూపుతావు, ఎవరిని చూపుతావు అని అడగనే లేదు. ప్రాణుల చిత్రాల విషయంలోనూ, కెమెరా చిత్రీకరణ విషయంలోనూ పండితుల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి. కాని నేను ఆ భేదాలను తూచి చెప్పిన మాట కాదది. తీరిక లేక చెప్పిన మాట. "ఆ రోజు నేను పొరపాటు చేశాను బేటా" అన్నాను. అతను నా చేతులు పట్టుకుని తల వంచుకున్నాడు.

చూపింది ఒకటి, చెప్పింది ఒకటి

మేము అలా కూర్చుని ఉండగానే నల్గొండ జిల్లా నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. తెలుగువారు. పెళ్లి గాజుల కోసం రెండు బస్సులు మారి వచ్చామని చెప్పి, ఆమె ఫోను తీసి చూపింది. అదే వీడియో. మా అమ్మాయి నాకు చూపినదే.

"ఈ గాజులు ఇదే ధరకు రెండు జతలు ఇవ్వు బాబూ."

నా విద్యార్థి ఒక డబ్బా తీసి ముందు పెట్టాడు. ఆమె ఒక గాజును చేతిలోకి తీసుకుని తూచినట్టు ఆడించింది. "ఇవి తేలిగ్గా ఉన్నాయేం? చేత్తో చేసినవి కావా?" అంది. అతను కాస్త తడబడి, "ఇవి అచ్చులో చేసినవమ్మా. చేతిపనివి వేరే ఉన్నాయి, వాటి ధర వేరు" అన్నాడు. చేతిపని జత ధర విని ఆమె కూతురి వైపు చూసింది. వీడియోలో చెప్పినదానికి అది మూడింతలు. ఆమె తిట్టలేదు, గొడవ చేయలేదు. "పోనీలే అమ్మా, పద" అని కూతురు అంటే లేచింది. గడప దాటుతూ, "ఆ ముసలాయన చేతులు చూసి వచ్చాం బాబూ" అంది.

ఆ మాట ఆ చిన్న గదిలో చాలాసేపు నిలిచిపోయింది. నేను కూడా అదే ధరను మనసులో పెట్టుకుని, జేబులో అంతే డబ్బు పెట్టుకుని వచ్చాను. కనుక ఆ తల్లి మాట నా మాట కూడా.

వీడియోలు కూర్చేది అతని మేనల్లుడు, కాలేజీలో చదివే పిల్లవాడు. వాడు దుకాణం మూలన కూర్చుని అంతా విన్నాడు. "హజ్రత్, ఇందులో అబద్ధం ఏమీ లేదు. చాచా నిజంగానే గాజులు చేస్తారు. ఈ జత నిజంగానే ఇంతకు ఇస్తాం. ఏ ముక్కకు ఆ ముక్క నిజమే. మా వీడియోలన్నిటిలో ఎక్కువమంది చూసింది ఇదే" అన్నాడు.

నేను మేనల్లుడికి బదులివ్వకుండా నా విద్యార్థి వైపు చూశాను. "తద్లీస్ అంటే ఏమిటి?" అని అడిగాను. ఇరవై ఏళ్ల క్రితం తరగతిలో అడిగినట్టే అడిగాను. అతను ఒక్క క్షణం ఆగి, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

హదీసు శాస్త్రం చదివినవారికి ఈ పదం తెలుసు. ఉల్లేఖకుడు తాను స్వయంగా వినని మాటను, విన్నట్టు తోచేలా చెప్పడం తద్లీస్. "నేను విన్నాను" అని అతడు అబద్ధమాడడు. "ఫలానా వారి నుంచి" అని మాత్రమే అంటాడు. వినేవాడు మధ్యలోని ఖాళీని తానే పూరించుకుని మోసపోతాడు. వ్యాపార ధర్మాలలోనూ ఇదే పదం ఉంది. సరుకులోని లోపాన్ని కొనేవాడి కంట పడకుండా కప్పడం తద్లీస్. రెండు చోట్లా పలికిన మాటలో అబద్ధం కనబడదు. అబద్ధం ఉండేది అతుకులో. ముసలి చేతుల దృశ్యం నిజం. అచ్చు గాజుల ధర నిజం. ఆ రెంటినీ కలిపి కుట్టిన చోటే తల్లీ కూతుళ్లు నల్గొండ నుంచి రెండు బస్సులు మారారు. అర నిమిషం వీడియో అంటేనే ముక్కలను అతికే పని కనుక, దానిని తీసేవాడి ఈమాన్‌కు పరీక్ష కూడా ఆ అతుకు దగ్గరే.

కుంపటి ముందు

జుహ్ర్ నమాజుకు మక్కా మసీదుకు వెళ్లాము. తిరిగి వస్తూ, ఆ చేతులు ఎవరివో చూడాలని ఉందన్నాను. పాత నగరపు గల్లీలలో పావుగంట నడిచాక ఒక ఇంటికి చేరాము. వాకిటి గదిలో కుంపటి, దాని ముందు చాచా. లోపలి గదికి తెర కట్టి ఉంది. తెర వెనుక నుంచి ఆడవారి మాటలు, గిన్నెలో రాళ్లు దొర్లే సన్నని శబ్దం వినిపిస్తున్నాయి.

లక్క మట్టి కాదు, లోహం కాదు. మోదుగ, రేగు, కుసుమ్ వంటి చెట్ల కొమ్మల మీద కొన్ని చిన్న పురుగులు స్రవించే జిగురు. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల అడవులలో ఎక్కువగా దొరుకుతుంది. దానిని కుంపటి సెగ మీద మెత్తబరచి, రంగు కలిపి, బల్ల మీద కడ్డీలా సాగదీసి, వలయంగా వంచి, రెండు కొసలనూ సెగ చూపించి అతుకుతారు. వేడి ఆరకముందే రాళ్లు, అద్దపు బిళ్లలు ఒక్కొక్కటిగా అద్దాలి. చల్లారితే రాయి కూర్చోదు. మరీ వేడిగా ఉంటే ఆకారం చెడుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న కొద్ది సమయాన్ని చాచా వేళ్లు ఎరుగును. ఆయన వేలి కొసలు నున్నగా, గీతలు లేకుండా ఉన్నాయి. ఈ పనికే 2024లో "హైదరాబాద్ లక్క గాజులు" అన్న పేరుతో భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే చట్టం ప్రకారం ఈ పేరు ఈ చేతులకు, ఈ ఊరికి చెందినది. దానిని వేరే సరుకుకు తగిలించరాదు.

"చాచా, మీ చేతులు ఊరూరా చూస్తున్నారు, తెలుసా?" అన్నాను.

ఆయన నవ్వారు. "నలభై ఏళ్లు ఈ సెగ ముందు కూర్చున్నాను మౌలానా. గాజు తొడుక్కున్న వారెవరూ నా చేతులు చూడలేదు. మొన్న నా మనవరాలి బడి స్నేహితురాలు చూసి, మీ తాత చేతులు కదా అందట. పిల్ల ఇంటికొచ్చి నా చేతులు ముద్దు పెట్టుకుంది. అల్హమ్దులిల్లాహ్." కాస్త ఆగి, లక్క కడ్డీని తిప్పుతూ అన్నారు. "కాని ఒక చిక్కు వచ్చింది. ఇప్పుడు వచ్చేవారు అచ్చు గాజుల ధరే నా గాజులకూ ఇస్తామంటున్నారు. వీడియోలో అంతే చెప్పారు కదా అంటున్నారు. నా చేతులే నా బేరం పడగొట్టాయి."

నా విద్యార్థి నేల చూస్తూ కూర్చున్నాడు. నేనేమీ అనలేదు. అనవలసింది ఆ కుంపటి ముందు అయిపోయింది.

గుట్ట పైన ఏముండాలి?

తిరుగు దారిలో అతనే అడిగాడు. "ఇప్పుడేం చేయమంటారు హజ్రత్? మొత్తం మానేయమంటారా?"

ఈసారి నేను తొందరపడలేదు. మదీనా బజారులో జరిగిన ఒక సంఘటన అతనికి గుర్తు చేశాను. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించగా సహీహ్ ముస్లింలో నమోదైన హదీసు అది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక ధాన్యపు గుట్ట దగ్గర ఆగి, అందులో చేయి పెట్టారు. లోపలి గింజలు తడిగా తగిలాయి. ఇదేమిటని అడిగితే వాన పడిందని వర్తకుడు చెప్పాడు. ప్రజలకు కనబడేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు.

ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. అందులో జరగనిదాన్ని కూడా గమనించాలి. ప్రవక్త (స) ఆ అంగడి మూయించలేదు. ధాన్యాన్ని గుట్టగా పోసి చూపవద్దనలేదు. తడిసిన ధాన్యాన్ని అమ్మనే వద్దని కూడా అనలేదు. లోపల ఉన్నదానిని పైకి తెమ్మన్నారు. అర నిమిషం వీడియో నేటి గుట్ట. కొనేవాడికి కనబడేది దాని పై పొర మాత్రమే. పూర్వం అనుమానం వస్తే చేయి పెట్టి చూసే వీలుండేది. ఫోను అద్దంలోకి చేయి పోదు. కాబట్టి కొనేవాడు పెట్టలేని చేయిని అమ్మేవాడే తన గుట్టలో పెట్టి, తడి ఎక్కడ ఉందో తీసి చూపించాలి. అతని బాధ్యత నాటి కంటే నేడు పెరిగిందే గాని తగ్గలేదు.

ఆ సాయంత్రం దుకాణంలో కూర్చుని మేము ముగ్గురం సరుకులోని తడి గింజలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాము. వీడియో పనిలో నేను శిష్యుణ్ణి, ఆ మేనల్లుడే ఉస్తాదు.

మొదటిది, చూపిన జత ధరే చెప్పాలి. రెండు రకాలు అమ్ముతుంటే రెంటినీ పక్కపక్కన పెట్టి, ఇది చేతిపని, ఇది అచ్చు అని పేరుతో చెప్పాలి. రెండోది రంగు. దుకాణంలోని దీపాల కింద ముదురు ఎరుపు మండే ఎరుపులా కనిపిస్తుంది. అదే గాజును గడప దగ్గర పగటి వెలుతురులోనూ ఒకసారి చూపాలి. మూడోది కొలత. తగాదాలు ఎక్కువ దీని మీదనేనట. గాజుల అంగట్లో 2.4 అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు. లోపలి వ్యాసం సుమారు 57 మిల్లీమీటర్లు. 2.6 అయితే 60, 2.8 అయితే 64 దాకా ఉంటుంది. దానిని దశాంశమనుకుని టేపుతో కొలిచేవారు ప్రతిసారీ ఇరుకు గాజులు తెప్పించుకుంటారు. ఇంట్లో సరిపోయే పాత గాజును స్కేలు మీద పెట్టి, లోపలి వెడల్పు ఎలా చూడాలో వీడియోలో పది క్షణాలు చూపితే చాలు. కొలతలో కోత పెట్టేవారిని దివ్య ఖుర్ఆన్ 83వ సూరా అల్ ముతఫ్ఫిఫీన్ ఎంత తీవ్రంగా హెచ్చరించిందో మనకు తెలుసు. కొలత అర్థమయ్యేలా చెప్పడం కూడా కొలతను నిండుగా ఇవ్వడంలో భాగమే.

నాలుగోది, లక్క స్వభావం. అది ఎండలో నిలిపిన కారులో ఉంచితే మెత్తబడుతుంది, గట్టి నేల మీద పడితే చిట్లుతుంది. "ఇది కూడా చెప్పాలా?" అన్నాడు మేనల్లుడు. "తడి గింజ అంటే అదే నాయనా" అన్నాను.

ఆ పైన పాటల సంగతి వచ్చింది. అతను మొదటి నుంచీ పాటలు పెట్టడం లేదు. కుంపటి చిటపటలు, రాళ్ల గలగలలే వినిపిస్తాయి. ఆడవారి ముఖాలు చూపడు, బజారులో నడిచేవారు అనుకోకుండా పడితే ఆ ముక్క తీసేస్తాడు. ఇవి నేను చెప్పకుండానే అతను పాటిస్తున్నవి. నా మాట విననివాడనుకుని బయలుదేరాను. నేను చెప్పని మాటలు కూడా విన్నవాడని అప్పుడు తెలిసింది. డబ్బు తీసుకుని ఇతరుల సరుకును పొగిడే వీడియోలు తీసేవారు ఇద్దరు తనను అడిగారని, డబ్బు ఇచ్చిన సంగతి వీడియోలో చెప్పాలంటే ఒప్పుకోలేదని చెప్పాడు. ఈ విషయంలో దేశ చట్టం కూడా మేల్కొంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను శిక్షార్హం చేసింది. డబ్బు పుచ్చుకుని పొగిడేవారు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ప్రకటించింది. మన ధర్మం అంతకు ముందే, మనసులోనే ఆ కట్టుబాటు పెట్టింది.

చివరికి మిగిలింది ఎక్కువమంది చూసిన ఆ ఒక్క వీడియో. అతని బేరంలో సగం దాని వల్లనే. మేనల్లుడు నా వైపు, మామ వైపు మార్చి మార్చి చూశాడు. నేను నోరు విప్పలేదు. ఒకసారి అతని జీవనం మీద నా మాట పడింది. మరోసారి పడకూడదనుకున్నాను. అతను ఫోను తీసుకుని, కొద్దిసేపు దానిని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. బిస్మిల్లాహ్ అని, వీడియోను తొలగించాడు. "చాచాకు రేపు జతకు కొంత పెంచి ఇస్తాను. కొత్త వీడియోలో ఆయన గాజుల ధర ఆయనే చెబుతారు" అన్నాడు.

ఇంటికి

మా అమ్మాయి కోసం 2.6 కొలతలో చాచా చేతి గాజులు ఒకే జత కొన్నాను. అనుకున్న ధరకు మూడు జతలు వచ్చేవి. నా విద్యార్థి డబ్బు తీసుకోనన్నాడు. "ఉస్తాదుకు ఇచ్చే కానుక నీదైతే తీసుకునేవాణ్ణి. ఇది చాచా కూలి" అని చేతిలో పెట్టాను. రాత్రి బస్సులో గాజుల డబ్బాను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక అమ్మాయి గాజులు తొడుక్కుని చూసుకుంది. ఒక జతే తెచ్చారేమని అడగలేదు. చాచా సంగతి చెబితే గాజుల అంచును వేలితో నిమిరి, "ఇక్కడ ఆయన వేలి గుర్తు ఉంది అబ్బా" అంది. నిజమే, లోపలి వైపు అతుకు దగ్గర చిన్న నొక్కు ఉంది. చేతిపనిలో అతుకు దాగదు.

పది రోజుల తరువాత కొత్త వీడియో వచ్చింది. పాతదానిని చూసినంతమంది దీనిని చూడలేదు. బేరం కూడా కొంత తగ్గిందని అతను దాచకుండా చెప్పాడు. అయితే వచ్చేవారు బేరమాడకుండా కొంటున్నారట. పని మానుకున్న నలుగురిలో ఇద్దరికి మళ్లీ రాళ్లు పంపుతున్నాడట. బడి మానిన ఆ పిల్ల తిరిగి బడికి వెళ్లిందా అని అడిగాను. ఇంకా లేదన్నాడు. ఆ జవాబు నా మీద అప్పుగానే ఉంది. ఆ పిల్ల పుస్తకాలకు, ఫీజుకు నా వంతు పంపుతానని అతని ద్వారా వాళ్లమ్మకు కబురు చేశాను. ఇన్షా అల్లాహ్ వచ్చే విద్యా సంవత్సరంలో చేరుతుందని ఆశిస్తున్నాను.

మన ఇళ్లలో ఎందరో సోదరీమణులు కుట్టుపని, మెహందీ, అత్తరు, పచ్చళ్లు, మిఠాయిలతో చిన్న వ్యాపారాలు సాగిస్తున్నారు. వారి పిల్లలు వాటికి వీడియోలు తీస్తున్నారు. పెద్దలు వారిని కసరి పంపే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని చూడాలని నా మనవి. ఏ ముక్కను ఏ ముక్కతో అతికారో అడగండి. తడి గింజలు పైన ఉన్నాయో లేదో అడగండి. ఉంటే వారికి దుఆ చేయండి. లేకుంటే తీసి చూపించండి. అడగకుండా వద్దనడం తేలిక. నేను అలా అన్న మాటకు ఒక దుకాణం, ఒక పిల్ల చదువు వెల పడ్డాయి.

అల్లాహ్ మన మాటల్లో సత్యాన్ని, మన సంపాదనలో బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.